అల్కాజీ బడి ఏ భాషలో మాట్లాడింది?

రంగస్థల దర్శకుడు ఇబ్రహీం అల్కాజీ పుట్టి 2025 అక్టోబరు 18కి వందేళ్లు నిండాయి. శతజయంతి పేరుతో ఆయన ఫొటోలు బయటికి వచ్చాయి, వాటితో పాటు పాత తగాదా కూడా వచ్చింది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా దేశం మొత్తానిదా, హిందీవాళ్లదా? తెనాలి కుర్రాడికో మధురై అమ్మాయికో అక్కడ సీటు వస్తే, మూడేళ్లూ తమది కాని భాషలో ఎందుకు డైలాగులు చెప్పాలి? ఈ పద్ధతి పెట్టింది అల్కాజీయేనని ఒక వర్గం అంటోంది. ఆయన లేకపోతే ఈ దేశంలో నటనకు బడి అనేదే ఉండేది కాదని ఇంకో వర్గం అంటోంది.

పుణెలో అరబ్ వ్యాపారి ఇంట్లో పుట్టడం, లండన్‌లో రాడా అనే పేరున్న నటనా విద్యాలయంలో చదవడం, పద్మశ్రీ నుంచి పద్మవిభూషణ్ దాకా వచ్చిన గౌరవాలు, నసీరుద్దీన్ షా, ఓం పురి లాంటి శిష్యులు... ఇవన్నీ ఈ మధ్య అందరూ రాశారు. నేటి గొడవకు సమాధానం అక్కడ లేదు. అది 1962లో, ఢిల్లీ కైలాశ్ కాలనీలో ఒక అద్దె భవనం పెరట్లో ఉంది.

ఆ డ్రామా స్కూలుకు, అంటే మన కథలోని బడికి, అప్పటికి మూడేళ్లే. 1959లో సంగీత నాటక అకాడమీ నీడలో మొదలైంది. అల్కాజీ డైరెక్టర్‌గా వచ్చేనాటికి దానికి సరైన రంగస్థలం కూడా లేదు. ఆయన విద్యార్థుల చేత ఆ పెరట్లోనే వేదిక కట్టించి, మోహన్ రాకేశ్ రాసిన ‘ఆషాఢ్ కా ఏక్ దిన్’ ఆడించారు. కాళిదాసు కథ. రాజాశ్రయం కోసం ఊరు వదిలి వెళ్లిన కవి, ఊళ్లోనే మిగిలిపోయిన మల్లిక. ఆ నాటకాన్ని అంతకుముందే కలకత్తాలో ఆడారు. ఢిల్లీ ప్రదర్శనతో మాత్రం ఒక విషయం తేలిపోయింది: ఈ బడి హిందీలో మాట్లాడుతుంది.

ఆ నిర్ణయం తీసుకున్న మనిషి భాష హిందీ కాదు. ఇంట్లో అరబిక్, బడిలో ఇంగ్లీషు. అప్పటిదాకా బొంబాయిలో ఆయన వేసినవి ఎక్కువగా ఇంగ్లీషు నాటకాలే. గ్రీకు విషాదాంతాలు, షేక్‌స్పియర్, ఇబ్సెన్, ఎలియట్. 1954లో సొంతంగా పెట్టుకున్న థియేటర్ యూనిట్‌లో పనిచేసినవాళ్లూ, చూడటానికి వచ్చినవాళ్లూ ఇంగ్లీషు చదువుకున్నవాళ్లే. కంబాలా హిల్ మీద తానున్న భవనం పైకప్పునే వేదికగా మార్చి మేఘదూత్ అని పేరు పెట్టారు. ఆ మనిషి ఢిల్లీ వచ్చి ఒక్కసారిగా ఇంగ్లీషును పక్కన పెట్టేశారు. హిందీ మీద ప్రేమతో చేశారని నేను అనుకోను. నాలుగు దిక్కుల నుంచి వచ్చిన పిల్లల్ని ఒకే నాటకంలో నిలబెట్టాలంటే ఏదో ఒక భాష కావాలి. ఇంగ్లీషులో ఆడితే ఆ నాటకం ఢిల్లీ క్లబ్బుల గేటు దాటదు. అది ఆయనకు బొంబాయి అనుభవం నేర్పిన పాఠం.

మరుసటి ఏడాది, 1963లో, ఆ నిర్ణయం ఎంత దూరం పోగలదో అందరికీ కనిపించింది. ధర్మవీర్ భారతి ‘అంధా యుగ్’ను ఫిరోజ్ షా కోట్లా శిథిలాల మధ్య ఆడించారు. మహాభారత యుద్ధం 18వ రోజు సాయంత్రం మొదలై కృష్ణుడి మరణం దాకా సాగే పద్య నాటకం అది. తిక్కన స్త్రీపర్వం చదువుకున్నవాళ్లకు గాంధారి దుఃఖం కొత్త కాదు. అయితే ఆ గొంతు 14వ శతాబ్దపు తుగ్లక్ కోట గోడల మధ్య, ఆకాశం కింద వినిపించడం మాత్రం కొత్త. దేశ విభజన జరిగి అప్పటికి 16 ఏళ్లే. శిథిలమంటే ఏమిటో ఢిల్లీ ప్రేక్షకులకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రేడియో కోసం రాసిన నాటకం అది. బొంబాయిలో సత్యదేవ్ దూబే 1962లో రంగస్థలం మీదికి తెచ్చారు. దూబే పనిచేసింది కూడా అల్కాజీ వదిలి వచ్చిన థియేటర్ యూనిట్‌లోనే.

ఆ తర్వాత పదేళ్లలో ఈడిపస్, లియర్, ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ పాత్రలు, అన్నీ హిందుస్తానీ మాట్లాడాయి. కన్నడంలో గిరీశ్ కర్నాడ్ 1964లో రాసిన ‘తుగ్లక్’ను బి.వి. కారంత్ హిందుస్తానీలోకి మార్చారు. 1966లో ఓం శివపురి దర్శకత్వంలో బడి దాన్ని ఆడింది. తర్వాత పురానా ఖిలాలో అల్కాజీ దర్శకత్వంలో మనోహర్ సింగ్ సుల్తాన్‌గా నిలబడ్డారు. ఆ నాటకం పేరెత్తితే ఇవాళ్టికీ చాలామందికి గుర్తొచ్చేది మనోహర్ సింగే. ఒక కన్నడ నాటకం దేశమంతటికీ చేరిన దారి అది.

అభ్యంతరం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆ దారిలో నడవాలంటే హిందీ గుమ్మం దాటాల్సి వచ్చింది. దక్షిణాది, ఈశాన్య విద్యార్థులు ఉచ్చారణ సరిదిద్దుకోవడంలోనే మొదటి ఏడాది పోగొట్టుకుంటారని, పెద్ద పాత్రలు హిందీ నోటికే పడతాయని విమర్శకుల మాట. ఇంకో మాట కూడా ఉంది: ఆయన నేర్పింది పాశ్చాత్య పద్ధతి, యక్షగానం, వీధినాటకం, నౌటంకీలను బడి బయటే నిలబెట్టారు అని. 1970, 80 దశకాల్లో ‘మూలాల్లోకి’ అంటూ సాగిన ఉద్యమానికి ఈ కోపం కొంత ఊపిరి పోసింది.

మొదటి విమర్శలో నిజం ఉంది. రెండోదాన్ని ఆ రోజుల లెక్క చూశాక నేను ఒప్పుకోలేను. 1968లో గుజరాతీ జానపద నాటకమైన భవాయి పద్ధతిలో ‘జస్మా ఓడన్’ ఆడించింది ఆ బడిలోనే పాఠాలు చెప్పిన శాంతా గాంధీ. అల్కాజీ డైరెక్టర్‌గా ఉన్న కాలమే అది. కన్నడ రచయిత శివరామ కారంత్ వచ్చి యక్షగానం నేర్పారు. జపాన్ కబుకీ నేర్పడానికి ఒకరు, జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ నాటకాలు ఆడించడానికి జర్మనీ నుంచి ఇంకొకరు వచ్చారు. సంస్కృత నాటకం, గ్రీకు నాటకం పాఠ్యక్రమంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆయన భార్య రోషన్ అల్కాజీ ఆ ప్రదర్శనలకు దుస్తులు సమకూరుస్తూనే ప్రాచీన భారతీయ వేషధారణ మీద చేసిన పరిశోధన పుస్తకంగా కూడా వచ్చింది. విదేశీ మోజు మాత్రమే ఉన్నవాడు ఇంత దూరం వెళ్లడు.

ఆయన నిజంగా దిగుమతి చేసింది క్రమశిక్షణ. రిహార్సల్‌కు నిమిషం ఆలస్యమైనా ఒప్పుకోరు. విద్యార్థి వడ్రంగం చేయాలి, లైట్లు మోయాలి, కుట్టాలి, తుడవాలి. మరుగుదొడ్లు శుభ్రంగా లేకపోతే డైరెక్టరే చీపురు పట్టేవారని ఆయన శిష్యులు ఇప్పటికీ చెబుతుంటారు. రవీంద్ర భవన్ ఆవరణలో మర్రిచెట్టు నీడన మేఘదూత్ పేరుతోనే ఇంకో ఆరుబయలు రంగస్థలం లేచింది. గొంతు చివరి వరుస దాకా వినపడాలి. మన పరిషత్తు నాటకాల్లో పైనుంచి వేలాడే మైకు కిందికి వచ్చి నిలబడి డైలాగు చెప్పే అలవాటు చూస్తూ పెరిగిన నాకు, ఈ ఒక్క విషయంలో ఆయన మీద అసూయ లాంటి గౌరవం ఉంది. నటుడి కాళ్లకు స్వేచ్ఛ దొరికేది మైకు పోయిన రోజే.

ఇదంతా మాతృభాషలో నేర్పితే ఎలా ఉండేదన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు అల్కాజీ జీవితంలోనే, ఢిల్లీకి ముందే ఉంది. బొంబాయిలో ఆయన దగ్గర నేర్చుకున్న విజయా మెహతా ఆ విద్యతో నేరుగా మరాఠీలోకి వెళ్లారు. 1960లో మొదలైన ఆమె రంగాయన్ సంస్థ మరాఠీ ప్రయోగ నాటకానికి ఇల్లయింది. గురువు పాఠం చెప్పింది ఇంగ్లీషులో. శిష్యురాలు సాయంత్రానికి తన ఊళ్లో, తన భాషలో ఆడుకుంది. ఊరు, ప్రేక్షకులు, భాష చేతికి అందేంత దగ్గర్లో ఉంటే బోధనా భాష పెద్ద అడ్డం కాదు. ఇంఫాల్ నుంచో బెంగళూరు నుంచో ఢిల్లీ వచ్చిన పిల్లవాడికి ఆ మూడూ వందల మైళ్ల అవతల ఉన్నాయి.

అయినా కొందరు తిరిగి వెళ్లారు. రతన్ థియాం 1976లో ఇంఫాల్‌లో కోరస్ రెపర్టరీ అనే పూర్తికాల నాటక బృందం పెట్టి మణిపురిలోనే ఆడారు. ప్రసన్న కర్ణాటకలో సముదాయ అనే నాటక ఉద్యమానికి ముందు నిలబడ్డారు. తిరిగి వెళ్లనివాళ్లూ ఉన్నారు. ఢిల్లీ రెపర్టరీలోనో బొంబాయి సినిమాలోనో స్థిరపడ్డారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. మూడేళ్లు హిందీలో సాన పట్టిన గొంతుకు కూడు పెట్టే చోటు అదే మరి.

15 ఏళ్ల తర్వాత, 1977లో, అల్కాజీ రాజీనామా చేశారు. ఢిల్లీలోని త్రివేణి కళా సంగంలో ఆర్ట్ హెరిటేజ్ గ్యాలరీ పెట్టుకుని చిత్రకళ వైపు వెళ్లిపోయారు. ఆయన స్థానంలోకి వచ్చింది బి.వి. కారంత్. బాల్యంలో గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరి, ఆ వీరణ్ణ చలవతోనే కాశీ వెళ్లి హిందీ ఎం.ఏ. చేసి, తర్వాత ఢిల్లీ బడి తొలి బ్యాచ్‌లలో చదివిన కన్నడిగుడు. కంపెనీ నాటకమూ, బడి నాటకమూ రెండూ తెలిసిన మనిషి. బడికి అందరూ రావాలనే బదులు బడే అందరి దగ్గరికీ వెళ్లాలని వర్క్‌షాపుల్ని రాష్ట్రాలకు తీసుకెళ్లారు. మధురై దగ్గరి గాంధీగ్రామ్ దాకా వెళ్లారు. అదే 1977లో కేరళలో త్రిస్సూర్ డ్రామా స్కూల్ మొదలైంది. 1980లో కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లెటూళ్లో నీనాసం అనే నాటక సంస్థ తన శిక్షణాలయం తెరిచింది. 1989లో కారంత్ చేతుల మీదుగా మైసూరులో రంగాయణ అనే రెపర్టరీ వచ్చింది.

మలయాళానికి ఒకటి, కన్నడానికి రెండు. తెలుగు పేరు ఈ వరసలో ఎందుకు లేదు? అల్కాజీ మీద విసిరే రాళ్లలో సగం నిజానికి ఈ ప్రశ్న మీద పడాల్సినవి. మనకు నాటకం లేక కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన కుటుంబాలు ఇవాళ్టికీ తెర ఎత్తుతున్నాయి. ఆంధ్ర నాటక కళా పరిషత్తుకు 1929 నాటి చరిత్ర ఉంది. విశ్వవిద్యాలయాల్లో రంగస్థల కళల శాఖలు ఉన్నాయి. ఢిల్లీ వెళ్లి వచ్చినవాళ్లలో కొందరు అక్కడ పాఠాలు చెప్పారు, మంచి నాటకాలు ఆడించారు. కానీ చదువు పూర్తయిన నటుడికి నెలజీతమిచ్చి, ఏడాది పొడుగునా తెలుగులో ఆడించే రంగాయణ లాంటిది మాత్రం ఇక్కడ నిలబడలేదు. పోటీకి వారం ముందు రిహార్సల్ మొదలుపెట్టి, బహుమతి తీసుకుని ఇంటికి వెళ్లే పద్ధతిలో ప్రతిభ ఉంటుంది, శిక్షణ మిగలదు.

ఢిల్లీ విద్య తెలుగుకు నిజంగా అక్కరకొచ్చిన సందర్భం ఒకటుంది. అందుకే ఈ గొడవలో దాన్ని ఎవరూ తలచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. 1990 దశకంలో కారంత్ సురభి వాళ్ల దగ్గరికి వచ్చి వాళ్లతో ‘భీష్మ’ చేయించారు. తర్వాత ‘చండీప్రియ’, ఆ తర్వాత బ్రెక్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’. తాతల నాటి వైర్ ట్రిక్కులు, హార్మోనియం, పద్యం చేతిలో ఉన్న కుటుంబాలకు ఆయన హిందీ నేర్పలేదు. వాళ్ల తెలుగు వాళ్లకే వదిలేసి, నాటకాన్ని కూర్చే పద్ధతి నేర్పారు. బ్రెక్ట్ సెజువాన్ నగరం హైదరాబాద్ బస్తీ అయింది, కథానాయిక యాదమ్మ అయింది. ఢిల్లీ బడి డైరెక్టర్‌గా పనిచేసిన మనిషి తెలుగు నాటకానికి ఏం చేయగలడో అక్కడ కనిపించింది.

అల్కాజీ కూడా 1992లో మళ్లీ నాటకానికి వచ్చారు. అప్పుడూ ఎంచుకున్నది కన్నడ నాటకాన్నే: కర్నాడ్ ‘తలెదండ’, హిందీలో ‘రక్త కల్యాణ్’. బసవన్న కథ. పాల్కురికి సోమన జనం మాటల తెలుగులో, ద్విపదలో చెప్పిన కథ. కల్యాణ నగరంలో బసవన్న అనుచరులైన శరణులు సామాన్యుల భాషలో వచనాలు చెప్పి పండితుల కోపానికి గురైన చరిత్రను ఆయన ఢిల్లీలో హిందీలో ఆడించారు. అందులో వైరుధ్యం ఉందని విమర్శకులు అనవచ్చు. నాకు మాత్రం ఒక కన్నడ నాటకాన్ని ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా వెతుక్కుంటూ వెళ్లిన పెద్దాయన కనిపిస్తాడు.

ఆయన 2020 ఆగస్టు 4న కన్నుమూశారు. బడి 1975లోనే స్వతంత్ర సంస్థ అయింది. 1994లో బెంగళూరులో కేంద్రం తెరిచింది. దక్షిణాది రాష్ట్రాల పిల్లల కోసం అక్కడ నడిచే కోర్సు ఒక్క ఏడాది. మూడేళ్ల చదువు ఇప్పటికీ ఢిల్లీలోనే, దేశం మొత్తానికి దాదాపు 30 సీట్లు. బెంగళూరు కోర్సును మూడేళ్లకు పెంచి, విద్యార్థి చివరి ఏడాది నాటకాన్ని తన భాషలో, తన రాష్ట్రంలో ఆడేలా చేయమని అడగడం న్యాయమైన కోరిక. అది అడగాల్సింది కేంద్ర సాంస్కృతిక శాఖను. తెలుగులో పూర్తికాల రెపర్టరీ కావాలని అడగాల్సింది అమరావతినీ, హైదరాబాద్‌నూ.