పీహెచ్‌పీ పాతబడిందా అన్నా? అనంతపురం వెబ్ డెవలపర్ అపోహలు - వాస్తవాలు

నేను అనంతపురంలో ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేస్తాను. సగం పని బెంగళూరు టీమ్‌కి, సగం మన చుట్టుపక్కల షాపులకి. జేఎన్‌టీయూ పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం వచ్చినప్పుడల్లా ఇవే అడుగుతారు, టీ కొట్టు దగ్గర ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక అయిపోయి రాస్తున్నా.

అపోహ: పీహెచ్‌పీ పాతబడింది, ఇప్పుడెవరు వాడతారు?

పీహెచ్‌పీ అంటే సర్వర్‌లో నడిచి వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష. అది 1995లో వచ్చింది, నిజమే. బ్రౌజర్‌లో నడిచే భాష జావాస్క్రిప్ట్ కూడా అదే ఏడాది వచ్చింది, మరి దాన్ని ఎవరూ ముసలిది అనరే! వికీపీడియా ఈరోజుకీ నడిచేది పీహెచ్‌పీ మీదే, సైట్లు కట్టడానికి వాడే వర్డ్‌ప్రెస్ కూడా అంతే. 2015లో పీహెచ్‌పీ 7 వచ్చాక చాలా సైట్లు కోడ్ పెద్దగా మార్చకుండానే బాగా వేగం పుంజుకున్నాయి. షాపు సైట్ ఒప్పుకునే ముందు నేను వేసుకునే ప్రశ్న వేరే: రేపు నేను ఫోన్ ఎత్తకపోతే దీన్ని బాగుచేసే మనిషి ఈ ఊళ్లో దొరుకుతాడా? పీహెచ్‌పీ అయితే దొరుకుతాడు.

అపోహ: రియాక్ట్‌లో చేస్తే సైట్ ఫాస్ట్ అవుతుంది.

రియాక్ట్ అంటే జావాస్క్రిప్ట్‌తో వెబ్ పేజీలు కట్టే సాధనం. ఈ అపోహలో నేనే బోల్తా పడ్డాను. ధర్మవరం చీరల షాపు సైట్ నత్తలా ఉందని మూడు వారాలు కూర్చుని మొత్తం రియాక్ట్‌లో తిరగరాశా. ఇంకా నెమ్మదైంది. నేను రాసిన పద్ధతిలో ముందు జావాస్క్రిప్ట్ అంతా దిగాలి, ఫోన్ దాన్ని చదివి నడపాలి, అప్పుడుగానీ తెరమీద చీర కనిపించదు, పల్లె బస్సులో తక్కువ రకం ఫోన్ పట్టుకున్న మనిషికి అంత ఓపిక ఎక్కడిది? అసలు దొంగ ఎవరంటే ఫొటోలు. కెమెరాలోంచి తీసినవి తీసినట్టు, ఒక్కోటి 5 ఎంబీ, అట్లనే ఎక్కించారు. వాటిని చిన్నవి చేసి వెబ్‌పీలోకి (తక్కువ సైజులో దాచే ఫొటో ఫార్మాట్) మారిస్తే ఒక్క సాయంత్రంలో సమస్య తీరిపోయింది. ఆ మూడు వారాల డబ్బు అడగడానికి నాకే మొహం చెల్లలేదు. రియాక్ట్ చెడ్డదని కాదు, క్షణక్షణం మారే బిల్లింగ్ స్క్రీన్లకు ఇప్పటికీ వాడుతున్నా.

అపోహ: తెలుగు సైట్ అంటే ఫాంట్ మారిస్తే చాలు.

‘లక్ష్మి’ మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కి ఏడు కోడ్లు, యూటీఎఫ్-8లో (అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే పద్ధతి) ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. అదే ఇంగ్లీషులో రాస్తే 7 బైట్లే. ఫారంలో పేరుకి బైట్ల లెక్కన హద్దు పెట్టారంటే తెలుగు పేరు మధ్యలో తెగుతుంది. ఎస్ఎంఎస్ కూడా ఇంతే, ఒక మెసేజ్‌లో ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే చోట తెలుగులో 70 కోడ్లే పడతాయి, మెసేజ్ పొడుగైతే రెండు మూడింటి డబ్బు పడుతుంది. ఇది ముందే చెప్పండి, బిల్లు వచ్చాక కాదు.

అపోహ: ఇంగ్లీషు దంచితేనే కమ్యూనికేషన్.

నా మొదటి ఉద్యోగంలో రోజూ పొద్దున మీటింగ్‌లో ‘ఆల్మోస్ట్ డన్ సార్’ అనేవాణ్ణి, మంచి ఇంగ్లీషే కదా, అట్ల నాలుగు రోజులు గడిపా. నిజానికి పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు చూసే సర్వీస్) పంపే కబురు నాకు చేరడమే లేదు. అడిగితే ఏమీ రాదనుకుంటారని భయం. ఐదో రోజు పక్క సీటు అక్క చూసి, ‘నువ్విచ్చింది లోకల్‌హోస్ట్ అడ్రస్ కదయ్యా, అది నీ మెషీన్ లోపలే పనిచేసేది, వాళ్ల సర్వర్‌కి నీ ల్యాప్‌టాప్ ఎట్ల దొరుకుతుంది?’ అంది. పది నిమిషాల పని! ఇప్పుడు నా దగ్గర పిల్లలకు తెలుగులోనే రాయమంటా: ఏం చేయబోయావు, ఏమైంది, ఏమేం ప్రయత్నించావు, ఎప్పటిదాకా చూసి ఆపుతావు.

ఇంకోటి, మన షాపాయన ‘చూద్దాంలే’ అన్నాడంటే ఒప్పుకోలేదనే అర్థం. దాన్ని సరే అనుకుని కోడ్ మొదలుపెట్టకండి, రేటూ తేదీ వాట్సాప్‌లో రాసి ‘సరే’ అనిపించుకోండి.

ఊరికే ‘హాయ్ అన్నా’ అని పెట్టి నా జవాబు కోసం గంట కూర్చోవద్దు, ప్రశ్న కూడా అందులోనే పెట్టండి. ఎర్రర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపకుండా కాపీ చేసి పంపండి సామీ, ఆ వంకర ఫొటోలో లైన్ నంబర్ నాకు కనపడి చావదు.