పిల్లల ఒంట్లో కొవ్వు శాతం: అనంతపురం మైదానాల్లో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

అనంతపురంలో ఆటగాళ్లకు ఫిట్‌నెస్ పరీక్షలు చేయడం నా పని. ఎత్తు, బరువు, చుట్టుకొలతలు తీస్తాను. చర్మం కింద కొవ్వు ఎంతుందో తెలియడానికి క్యాలిపర్‌తో చర్మం మడతల మందం కొలుస్తాను. ఆ లెక్కలు కోచ్‌లకు, ఆటగాళ్లకు అర్థమయ్యేలా చెబుతాను. జిమ్‌లలో కొవ్వు శాతం చూపించే మెషిన్లు వచ్చాక తల్లిదండ్రులు చీటీ ఫోటో తీసి పంపుతున్నారు: "సార్, మావాడికి కొవ్వు 22 శాతం అంట. సంగటి మాన్పించాలా?" అడిగేది పదమూడేళ్ల పిల్లాడి గురించి. ఎదిగే వయసులో తిండి తగ్గించే నిర్ణయం ఆ ఒక్క అంకె మీద జరుగుతుంటే నాకు బాధేస్తుంది.

అపోహ: మెషిన్ ఎక్కితే కొవ్వు కొలిచి చెబుతుంది

అది కొవ్వును కొలవదు. ఒంట్లోకి చాలా స్వల్పంగా కరెంటు పంపి, దానికి ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. నీళ్లు ఎక్కువుండే కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఆ అడ్డును బట్టి ఒంట్లో నీళ్లు ఎన్నో అంచనా వేసి, దానికి ఎత్తు, బరువు, వయసు, ఆడ, మగ అన్న వివరాలు కలిపి కొవ్వును లెక్కగడుతుంది. మనం చూసేది అంచనా మీద అంచనా.

మన ఊళ్లో ఇది ఇంకా తికమక పెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో ప్రాక్టీసు చేసి వచ్చిన పిల్లాడి ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటాయి. అప్పుడు అడ్డు పెరిగి కొవ్వు ఎక్కువ చూపించొచ్చు. అదే ఒళ్లు వేడెక్కి చెమటతో ఉంటే అడ్డు తగ్గి కొవ్వు తక్కువ చూపించొచ్చు. ఎక్కే ముందు లీటరు నీళ్లు తాగితే బరువు కిలో పెరుగుతుంది, మెషిన్ అందులో కొంత కొవ్వు ఖాతాలో వేసేస్తుంది. పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె వచ్చిందంటే మధ్యలో కొవ్వు కరిగిందని కాదు. చాలా మెషిన్లలో ఉండే 'అథ్లెట్ మోడ్' కూడా పెద్దవాళ్ల కోసం పెట్టిందే. పిల్లాడు ఆటగాడు కదా అని అది నొక్కితే లెక్క బాగుపడదు.

అపోహ: బీఎంఐ 25 దాటితే ఒంట్లో కొవ్వు ఎక్కువున్నట్టే

బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. ఈ లెక్క బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే 1830లలో ఇచ్చింది. ఆయన వెతికింది సగటు మనిషి కొలతల కోసం, ఒక మనిషి ఆరోగ్యం కోసం కాదు. 1942లో అమెరికా నేవీ డాక్టర్ ఆల్బర్ట్ బెంకే బృందం ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను, ఒంటి సాంద్రత తెలియడానికి, నీళ్లలో ముంచి తూచింది. ఎత్తు-బరువు పట్టిక ప్రకారం వాళ్లలో ఎక్కువమంది సైన్యానికి పనికిరానంత బరువు. తీరా చూస్తే వాళ్లలో చాలామందికి ఆ అదనపు బరువు కొవ్వు కాదు, కండ. మన షాట్‌పుట్ పిల్లలకు, కబడ్డీ పిల్లలకు ఇప్పటికీ ఇదే అన్యాయం జరుగుతోంది.

ఆటలు ఆడని మనవాళ్ల సంగతి దీనికి తలకిందులు. అదే బీఎంఐ దగ్గర యూరప్ వాళ్లకన్నా మనకు కొవ్వు ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇక్కడ పెద్దవాళ్లకు 23 నుంచే జాగ్రత్త పడమంటారు. 18 ఏళ్లు నిండని పిల్లలకైతే 23, 25 అనే అంకెలే వర్తించవు. వయసును బట్టి, ఆడ, మగను బట్టి చార్టులో చూడాలి. భారత పిల్లల వైద్యుల అకాడమీ 2015లో 5 నుంచి 18 ఏళ్ల వరకు అలాంటి చార్టులు ఇచ్చింది. మీ పిల్లల డాక్టరును అడగండి, చూపిస్తారు.

అపోహ: ఫార్ములా ఒకటే, పిల్లలకైనా పెద్దలకైనా

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. ఒంటి సాంద్రతను బట్టి కొవ్వు శాతం చెప్పడానికి ఎక్కువగా వాడే ఫార్ములా విలియం సిరి 1961లో ఇచ్చింది. కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.9 గ్రాములు, మిగతా ఒళ్లంతా 1.1 గ్రాములు అనుకుని కట్టిన లెక్క అది. ఆ 1.1 ఎదిగిన మనిషిది. పిల్లల ఎముకల్లో ఖనిజాలు ఇంకా పూర్తిగా చేరవు. కొవ్వు తీసేశాక మిగిలిన ఒంట్లో పెద్దవాళ్లకు దాదాపు 73 శాతం నీళ్లుంటే, ఏడెనిమిదేళ్ల పిల్లలకు 76, 77 శాతం దాకా ఉంటాయి. అంటే వాళ్ల కండా ఎముకా ఆ లెక్క అనుకున్నదానికన్నా తేలిక. ఫార్ములాకు అది తెలియదు, ఆ తేలికంతా కొవ్వే అనుకుంటుంది. లేని కొవ్వును పిల్లాడికి అంటగడుతుంది.

అందుకే 1988లో స్లాటర్ బృందం పిల్లలకు వేరే సమీకరణాలు ఇచ్చింది. జబ్బ వెనక, పిక్క మీద, ఈ రెండు చోట్ల మడతలతోనే లెక్క వేయొచ్చు. అది మేలైనదే అయినా కొన్ని పాయింట్ల తేడా అందులోనూ తప్పదు.

దీనికి తోడు ఎదుగుదల అందరికీ ఒకేసారి రాదు. ఆడపిల్లలు సుమారు 12 ఏళ్లప్పుడు, మగపిల్లలు సుమారు 14 ఏళ్లప్పుడు వేగంగా ఎత్తు పెరుగుతారు. కొందరికి రెండేళ్లు ముందే, కొందరికి రెండేళ్లు ఆలస్యం. ఒకే తరగతిలో కూర్చునే ఇద్దరు పదమూడేళ్ల పిల్లల్లో ఒకడు ఒంటి లెక్కన పదిహేనేళ్లవాడు, ఇంకొకడు పదకొండేళ్లవాడు కావచ్చు. చాలామంది మగపిల్లలకు ఎత్తు పెరిగే ముందు నడుము దగ్గర కాస్త ఒళ్లు వస్తుంది. ఏడాది ఆగితే అదే పిల్లాడు సన్నగా పొడుగ్గా నిలబడతాడు. ఆ ఏడాదిలోనే "లావైపోయాడు" అని టీమ్ నుంచి తీసేయడం చూస్తుంటాను.

18 లోపు పిల్లలకు నేను కొవ్వు శాతం చెప్పను. ఎత్తు, కూర్చున్న ఎత్తు, బరువు మూడు నెలలకోసారి తీసి గీత గీసి చూపిస్తాను. పెద్ద ఆటగాళ్లకైతే ఎనిమిది చోట్ల మడతలు కొలిచి మొత్తం మిల్లీమీటర్లలోనే రాసిస్తాను, శాతంలోకి మార్చను. కొలిచే మనిషి, క్యాలిపర్, పొద్దుటి సమయం మారకపోతే ఆ మొత్తం పెరిగిందా తగ్గిందా అన్నది నమ్మొచ్చు.

అపోహ: బెంగళూరు వెళ్లి డెక్సా తీయించుకుంటే ఇక తిరుగులేదు

డెక్సా అంటే తక్కువ మోతాదు ఎక్స్‌రేలతో ఎముక, కొవ్వు, కండ వేరుచేసి చూపే స్కాన్. మిగతా పద్ధతులకన్నా నయమే. కానీ కడుపు నిండా తిని వెళ్లినా, బాగా నీళ్లు తాగి వెళ్లినా అది 'కండ' పెరిగినట్టు చూపిస్తుంది. వేరే కంపెనీ మెషిన్‌తో వచ్చిన అంకెతో పోల్చకూడదు.

అపోహ: కొవ్వు ఎంత తగ్గితే ఆట అంత మెరుగు

ఆడపిల్లల తల్లులు ఈ భాగం తప్పక చదవండి. యవ్వనం వచ్చేటప్పుడు అమ్మాయి ఒంట్లో కొవ్వు పెరగడం ప్రకృతి ధర్మం. శరీరం నడవడానికి మగవాళ్లకు సుమారు 3 శాతం, ఆడవాళ్లకు సుమారు 12 శాతం కొవ్వు కనీసం కావాలని బెంకే లెక్క. అది బతకడానికి కావాల్సినది, చేరుకోవాల్సిన లక్ష్యం కాదు.

"గట్టిగా ట్రైనింగ్ చేస్తే పీరియడ్స్ ఆగిపోతాయిలే, మామూలే" అనే మాట మైదానాల్లో వినిపిస్తుంది. అది మామూలు కాదు. ఆడే ఆటకు తగ్గ తిండి అందకపోతే శరీరం ఒక్కో పనీ ఆపుకుంటూ వస్తుంది. పీరియడ్స్ ఆగుతాయి, ఎముకలు బలహీనపడతాయి, దెబ్బలు మానవు. మగపిల్లలకూ ఇది వస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. 18 ఏళ్ల లోపు క్రీడాకారులకు వైద్య కారణం ఉంటే తప్ప కొవ్వు పరీక్షలు వద్దని 2023లో ఆ కమిటీ నిపుణులు సూచించారు. 15 ఏళ్లు నిండినా పీరియడ్స్ మొదలవకపోయినా, మొదలయ్యాక మూడు నెలలు రాకపోయినా గైనకాలజిస్టుకు చూపించండి.

కోచ్‌లకు ఒక విన్నపం. అమ్మాయిలను కొలవాల్సి వస్తే వాళ్లను అడిగి, ఆడమనిషితో, చాటుగా కొలిపించండి. వచ్చిన అంకెను లైన్లో అందరి ముందు చదవొద్దు. ఆ ఒక్క అంకె విని రాత్రి అన్నం మానేసిన పిల్లలు ఉన్నారు.

అపోహ: ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తితే కొవ్వు కరుగుతుంది

కరిగేది కొవ్వు కాదు, పోయేది నీళ్లు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలా బరువు తగ్గించుకోబోయి కొన్ని వారాల తేడాతో చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ కాలేజీ రెజ్లర్లు కొవ్వు 5 శాతం కన్నా తగ్గేలా బరువు దించుకోకూడదని హద్దు పెట్టారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 గ్రాముల బరువు ఎక్కువైందని రెజ్లర్ వినేశ్ ఫొగాట్‌ను ఫైనల్‌కు ముందు తప్పించడం అందరం చూశాం. రాత్రంతా ఆమె పోగొట్టుకోవాలని చూసింది నీటి బరువే. మన ఎండల్లో ఆ జాకెట్ వేసుకుని పరుగెత్తడం ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: మా కాలంలో అందరం సన్నగా ఉన్నాం, ఒంట్లో కొవ్వే లేదు

నాన్నలు తమ పద్దెనిమిదేళ్లప్పటి బరువు చెప్పి కొడుకును తప్పుపడుతుంటారు. 1914తో పోలిస్తే 2014 నాటికి భారతీయ మగవాళ్ల సగటు ఎత్తు దాదాపు 3 సెంటీమీటర్లు, ఆడవాళ్లది దాదాపు 5 సెంటీమీటర్లు పెరిగింది. పొడుగైన కొడుకుకు నాన్న బరువు కొలబద్ద కాదు. పైగా సన్నగా ఉన్నంత మాత్రాన కొవ్వు లేదని కాదు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. స్కాన్‌లో చూస్తే యుడ్కిన్‌కు కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. 2004లో ఆ ఇద్దరి ఫోటో ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్ పిల్లలతో పోల్చింది. సగటు బరువు ఇక్కడ 2.7 కిలోలు, అక్కడ 3.5 కిలోలు. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం కండ, కొవ్వు అంతగా తగ్గలేదు. 

అపోహ: ఛాతీ 5 సెంటీమీటర్లు విస్తరిస్తే కండ బాగా ఉన్నట్టు

పోలీసు సెలక్షన్లకు తయారయ్యే కుర్రాళ్లు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా. కానిస్టేబుల్‌కు గాలి నిండా పీల్చినప్పుడు 86.3 సెంటీమీటర్ల ఛాతీ, కనీసం 5 సెంటీమీటర్ల విస్తరణ అడుగుతారు. ఆ 5 చెప్పేది పక్కటెముకలు ఎంత కదులుతున్నాయో. దానికోసం ప్రొటీన్ డబ్బాలు కొనాల్సిన పనిలేదు. టేపును ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉంచి, పూర్తిగా గాలి వదిలాక ఒకసారి, నిండా పీల్చాక ఒకసారి స్నేహితుడితో కొలిపించుకోండి. ఊపిరి వ్యాయామాలు రోజూ చేస్తూ వారానికోసారి చూసుకుంటే చాలు.