కారేది ఒక చోట, కారణం ఇంకో చోట

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కింద, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ కలిసే చోట నూనె చుక్కలు పడుతున్నాయన్నారు. ఆ అతుకు చుట్టూ సిలికాన్ పేస్ట్ పూసేస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదర్రా. నూనె లోపలి నుంచి తోసుకొస్తుంటే మీరు బయట పూస్తారు. పైగా జిడ్డు లోహం మీద పేస్ట్ పట్టదు. కొన్నాళ్లు ఆగినట్టే కనిపిస్తుంది, తర్వాత అంచు లేచి మళ్లీ మొదలవుతుంది. ముందు ఎక్కడి నుంచి, ఎందుకు వస్తోందో తేల్చాలి. చేతికి పేస్ట్ ట్యూబు ఆ తర్వాతే.

గేర్‌బాక్స్ వెనక నుంచి వచ్చే షాఫ్ట్, అంటే తిరిగే కడ్డీ, ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి దూరుతుంది. ఆ కేస్ ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచుతుంది. చాలా బండ్లలో ఎవరి నూనె వాళ్లదే. ఒకదాని నూనె ఇంకోదాంట్లోకి పోకుండా షాఫ్ట్ చుట్టూ ఆయిల్ సీళ్లు కాపలా ఉంటాయి. కొన్నిటిలో రెండు సీళ్లు వీపు వీపు ఆనించి కూర్చుంటాయి. వాటి మధ్య ఖాళీకి కింద ఒక చిన్న రంధ్రం పెడతారు. సీలు పాడైతే నూనె అందులోంచి బయటపడి మనకు కబురు చెబుతుంది. చుక్కలు చూసి ఆ రంధ్రాన్నే మూసేసే ఘనులున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. మూసేస్తే నూనె ఆగదు, రెండో సీలును కూడా దాటి పక్క పెట్టెలోకి చేరుతుంది. ఒకదాంట్లో మట్టం తగ్గి బేరింగులు ఎండుతాయి. ఇంకోదాంట్లో నూనె ఎక్కువై, పళ్లచక్రాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. వేడెక్కిన ఆ నురగ పైనుంచి పొర్లుతుంది. అప్పుడు నేల మీద చుక్క ఉండదు కానీ లోపల నష్టం మాత్రం నడుస్తూనే ఉంటుంది.

కారింది ఏ నూనో గుర్తుపట్టడానికి రంగూ వాసనా కొంత సాయపడతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనెకు మామూలుగా ఎర్ర రంగు కలుపుతారు, కారినప్పుడు ఇంజన్ ఆయిల్ అని పొరపడకుండా. చిక్కటి గేర్ ఆయిల్ తేనె రంగులో ఉంటుంది, అందులోని గంధకపు మందుల వల్ల ఘాటుగా వాసన కొడుతుంది. అయితే చాలా ట్రాన్స్‌ఫర్ కేసుల్లోనూ ఆ ఎర్ర నూనే పోస్తారు, కాబట్టి రంగు చూసి తీర్పు చెప్పేయకండి. రెండు పెట్టెల మట్టాలూ కొలవండి. ఒకటి తగ్గి రెండోది పెరిగి ఉంటే దొంగ మధ్య సీలే.

తర్వాత ఆ ప్రాంతమంతా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పైన టాల్కం పౌడరు చల్లండి. బండిని కాసేపు నడిపి చూడండి. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిసిన చోటు అసలు చోటు. ఎందుకంటే నూనె కిందికి జారుతుంది, నడిచే బండి కింది గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. ఇంజను వెనక సీలు కారినా తడి గేర్‌బాక్స్ తోక దాకా పాకుతుంది.

సీలు మార్చే ముందు బ్రీదర్ చూడండి. నూనె వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ఆ గాలి బయటికి పోయే చిన్న గొట్టం అది. బురదతో పూడుకుపోతే ఒత్తిడి పెరిగి, బాగున్న సీలు పెదవిని (షాఫ్ట్‌ను తాకే అంచును) కూడా నూనె తోసుకొస్తుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు, సీలు మీద సీలు మారుస్తూ పోతారు.

ఇక సీలు సంగతి. బయట ఇనుప రింగు, లోపల రబ్బరు పెదవి, పెదవి వెనక దాన్ని షాఫ్ట్‌కు అదిమి ఉంచే సన్నటి స్ప్రింగు. ఒకప్పుడు ఈ పెదవి తోలుది. జర్మనీలో తోళ్లు శుద్ధి చేసే ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీలో వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు 1930ల మొదట్లో ఇలాంటి సీలును తయారు చేశాడు. ఆయన పేరు మీదే యూరప్‌లో ఇప్పటికీ దాన్ని సిమ్మరింగ్ అంటారు. స్ప్రింగు ఉన్న వైపు ఎప్పుడూ నూనె వైపే చూడాలి. తిప్పి బిగిస్తే కొత్త సీలు కూడా మొదటి రోజే కారుతుంది.

ఈ పెదవి షాఫ్ట్‌ను పొడిగా రాసుకుంటూ తిరగదర్రా. వెంట్రుక కంటే ఎంతో సన్నని నూనె పొర మీద తేలుతుంది. అందుకే బిగించేటప్పుడు పెదవికి నూనె రాయాలి, లేకపోతే మొదటి తిరుగుడులోనే కాలుతుంది. అందుకే షాఫ్ట్ నునుపు కూడా అంత ముఖ్యం. దాని మీద మరచుట్టులా గీతలుంటే, తిరిగేటప్పుడు అవే పంపులా నూనెను బయటికి లాగుతాయి. ఎమరీ కాగితంతో పొడుగునా రుద్దితే నూనెకు దారి వేసినట్టే. రుద్దాల్సి వస్తే చుట్టూ తిప్పుతూ, అతి తేలిగ్గా రుద్దాలి. పాత సీలు తిరిగిన చోట గోరుకు తగిలే గాడి పడి ఉంటే, సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టి పెదవి కొత్త చోట తిరిగేలా చూడొచ్చు, సీలు కూర్చునే గూట్లో చోటుంటే. లేకపోతే షాఫ్ట్ మీద సన్నటి స్టీలు తొడుగు ఎక్కిస్తారు. షాఫ్ట్‌ను పట్టుకుని ఊపితే ఆడుతోందా, అది బేరింగు అరుగుదల. దాన్ని వదిలేసి ఎన్ని సీళ్లు మార్చినా పని వృథా.

సీలు మార్చడానికి కేసును దింపే పనికి మీలో ఎవరూ ఒంటరిగా దిగొద్దు. ట్రాన్స్‌ఫర్ కేస్ చాలా బరువు, అది మీద పడితే మనిషి తట్టుకోలేడు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు, గట్టి స్టాండ్లు ఉండాలి. నూనె చల్లారాలి. పాత నూనె తీసేముందు, నింపే ప్లగ్గు ఊడుతుందో లేదో చూడండి. అది తుప్పుపట్టి బిగుసుకుపోతే, ఖాళీ అయిన పెట్టెలో నూనె పోసే దారే ఉండదు. కింది ప్లగ్గు అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది మామూలే. లోహపు పెచ్చులు కనిపిస్తే సీలును మించిన సమస్య లోపలుంది.

కొత్త సీలును దాని వ్యాసానికి సరిపోయే గొట్టంతో, అన్ని వైపులా సమంగా తట్టాలి. ఒక పక్క సుత్తి దెబ్బ పడితే రింగు వంకరపోతుంది. కేసును తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్ట్ మీది పొడుగాటి పళ్ల (స్ప్లైన్ల) పదును పెదవిని చీల్చకుండా వాటికి సన్నటి టేపు చుట్టండి, పెదవి దాటాక లాగేయండి.

రెండు పెట్టెలు కలిసే ముఖాల మధ్య గ్యాస్కెట్ అనే పల్చటి పొర ఉంటుందా, పేస్టా అన్నది ఆ బండి మాన్యువల్ చెబుతుంది. పేస్ట్ అయితే ముఖాలు గీతలు పడకుండా గీకి, జిడ్డు పూర్తిగా తీసి, సన్నటి తీగలా పూయండి. ఎక్కువైతే లోపలికి పిండుకుని, ముక్కలై ఊడి, నూనె జల్లెడకు అడ్డం పడుతుంది. సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, ప్యాకెట్ మీద రాసినంత సేపూ ఆరనివ్వండి, మామూలుగా ఒక రోజు. బోల్టులను ఎదురెదురుగా మార్చుతూ, మాన్యువల్ చెప్పిన టార్కుకే, అంటే అంత బిగింపుకే, బిగించండి. కొన్ని బోల్టు రంధ్రాలు నేరుగా నూనె ఉన్న చోటికే తెరుచుకుంటాయి, అలాంటి మరలకూ పేస్ట్ కావాలి.

చివరగా బండి సమంగా ఉన్న నేల మీద, ఆ బండికి చెప్పిన నూనెనే, చెప్పిన మట్టం దాకా రెండిట్లోనూ పోయండి. కొన్నాళ్లు నడిచాక నేల మీద మచ్చ లేదు కదా అని ఊరుకోకుండా, రెండు మట్టాలూ మళ్లీ కొలవండి. ఏ ఒక్కటి మారినా నాకు రాయండి, ఎంత మారిందో కూడా రాయండి.

మీ పెద్దనాన్న