ఆ తెలుపు ఎక్కడికి పోయింది?

మా నాన్నకు సహస్ర చంద్ర దర్శనం చేద్దామని ఇంట్లో అనుకున్న రోజు నుంచి మా మేనకోడలు ల్యాప్‌టాప్ వదలడం లేదు. వెయ్యి పున్నములు చూసిన వాళ్ళకు చేసే వేడుక అది. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున 29.53 రోజులు. వెయ్యితో గుణిస్తే దాదాపు 80 ఏళ్ళ 10 నెలలు వస్తాయి. అధిక మాసాల గొడవ లేకుండా పంచాంగం లెక్క నా కాలిక్యులేటర్‌తో సరిపోయే సందర్భాల్లో ఇదొకటి.

ఆ పిల్ల తయారుచేస్తున్నది డిజిటల్ స్క్రాప్‌బుక్. ఫోటోల పక్కనే పాత ఉత్తరాలు, బస్సు టికెట్లు, శుభలేఖ ముక్కలు, ఎండిన పువ్వులు అంటించినట్టు కనిపించే పేజీలన్నమాట. కత్తెరా జిగురూ ఉండవు, అంతే తేడా. ఒక్కో పేజీ 12 అంగుళాల చదరం, అంగుళానికి 300 చుక్కలు. అంటే పేజీకి కోటీ 29 లక్షల 60 వేల పిక్సెళ్ళు. పిక్సెల్ అంటే ఏమిటి, లేయర్ (ఒకదాని మీద ఒకటి పరిచే పొర) ఎలా తెరవాలి అనేవి యూట్యూబ్‌లో వంద మంది చెబుతారు. నాకంత ఓపిక లేదు, మీకూ అక్కర్లేదు.

ఒక సాయంత్రం కందుకూరులో మా ఇంటి పంచలో కూర్చుని ఉంటే పిలిచింది. (మా కందుకూరు 2022లో ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. ఊరు కదల్లేదు, లేయర్ మారింది.) తెర మీద మా పాత ఇంటి గోడ ఫోటో. దాని మీద మా అమ్మ చేత్తో రాసిన చిల్లర కొట్టు చీటీ: కందిపప్పు, చింతపండు, బెల్లం, నూనె. చీటీ తెల్లటి డబ్బాలా గోడ మీద ఎత్తుగా కనబడుతోంది. మెనూలో నార్మల్ అని ఉన్నచోట మల్టిప్లై నొక్కింది. కాగితం మాయమైంది. అక్షరాలు మాత్రం గోడ మీదే రాసినట్టు నిలబడ్డాయి.

"మావయ్యా, ఆ తెలుపు ఎక్కడికి పోయింది?"

ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన వాణ్ణి. ఇంత మంచి ప్రశ్న క్లాసులో ఒక్కరూ అడగలేదు.

తెలుపు ఎక్కడికీ పోలేదు, ఒకటి అయింది. కంప్యూటర్ ప్రతి పిక్సెల్‌నూ 0 నుంచి 255 దాకా అంకెలుగా దాచుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు తలా ఒక అంకె. మల్టిప్లై నొక్కగానే వాటిని 255తో భాగించి 0కీ 1కీ మధ్యకు తెచ్చి, పై లేయర్‌నూ కింది లేయర్‌నూ గుణిస్తుంది. నలుపు 0, తెలుపు 1. గోడ 0.7 అనుకోండి. తెల్ల కాగితం దాని మీద పడితే 1 × 0.7, మళ్ళీ 0.7. గోడ మారలేదు. సిరా 0.1 అనుకుంటే 0.07, దాదాపు నలుపు. ఒకటితో గుణిస్తే ఎవరూ మారరు కదా, అందుకే తెల్ల కాగితం అక్కడ ఉండీ లేనట్టే.

దశాంశాలు చెప్పేటప్పుడు పిలకాయలు ఒకటే పోట్లాట. "గుణిస్తే పెరగాలి కదా సార్, 0.5ని 0.5తో గుణిస్తే 0.25కి ఎందుకు తగ్గింది?" సగంలో సగం పావు అని బోర్డు మీద గళ్ళు గీసి చూపించేవాణ్ణి. తలూపేవాళ్ళు, నమ్మేవాళ్ళు కాదు. అప్పుడు ఈ ల్యాప్‌టాప్ ఉంటే రెండు బూడిదరంగు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించేవాణ్ణి. నల్లబడటం కంటికి కనిపిస్తుంటే నమ్మక ఏం చేస్తారు?

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళ చమత్కారం మాత్రమే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు. మనం చూసే ప్రతి వస్తువూ ఒక గుణకారమే. గోడ మీద ఎంత వెలుతురు పడింది, అందులో ఎంత వంతును గోడ వెనక్కి పంపింది: ఈ రెంటి లబ్ధమే కంటికి చేరేది. సున్నం గోడ వందలో 80 వంతులు వెనక్కి పంపుతుంది. వేపచెట్టు నీడ పడిన చోట వెలుతురు పదో వంతే ఉంటే, కంటికి వచ్చేది 0.8 × 0.1, అంటే 0.08. నీడ అనేది ప్రకృతి వేసిన మల్టిప్లై లేయర్. ఫోటోషాప్‌లో బొమ్మల కింద వేసే నీడ, డ్రాప్ షాడో, మామూలుగా మల్టిప్లైలో ఉండటానికీ కారణం ఇదే. నీడ గోడకు రంగు పూయదు, వెలుతురును తగ్గిస్తుంది.

ఈ లెక్కను ఇంకొంచెం లాగుదాం. వెలుతురు పడేదాన్ని లక్సుల్లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్సులు. ట్యూబ్‌లైటు వెలిగే గదిలో మూడు వందలు ఉంటే గొప్ప. ఎండలో పట్టుకున్న నల్ల గొడుగు వందకు 4 వంతులే వెనక్కి పంపినా అది 4,000. గదిలోని తెల్ల కాగితం 80 వంతులు పంపినా 240. అంటే ఎండలోని నల్ల గొడుగు నుంచి కంటికి వచ్చే వెలుతురు, గదిలోని తెల్ల కాగితం నుంచి వచ్చేదానికి 16 రెట్ల పైమాటే. అయినా గొడుగు నల్లగానే కనిపిస్తుంది, కాగితం తెల్లగానే. ఎందుకంటే మన మెదడు గుణకారాన్ని వెనక్కి తిప్పి భాగహారం చేస్తుంది: ఇక్కడ వెలుతురు ఇంత, దీన్ని తీసేస్తే వస్తువు రంగు ఇంత అని. 1995లో ఎడ్వర్డ్ ఎడెల్సన్ అనే శాస్త్రవేత్త చదరంగం గళ్ళ మీద ఒక స్తంభం నీడ గీసి చూపించాడు. నీడలోని 'తెల్ల' గడీ, బయటి 'నల్ల' గడీ అచ్చంగా ఒకే బూడిదరంగు. కొలిచి చూసినా కన్ను ఒప్పుకోదు. మా మేనకోడలు కూడా ఒప్పుకోలేదు. కలర్ పికర్‌తో రెండు గళ్ళూ నొక్కి అంకెలు చూసుకుని, ఫోన్‌లో ఏదో లోపం ఉందంది.

మెదడు చేసే భాగహారం మనమూ చేయవచ్చు. స్కానర్ లేకపోవడంతో చీటీని ఫోన్‌తో ఫోటో తీసింది కాబట్టి ఒక పక్క ఆమె చేతి నీడ పడింది. మల్టిప్లైలో పెడితే ఆ నీడ కూడా గోడ మీదకు దిగుతుంది. మందు ఇది: ఫోన్ కదపకుండా, అదే వెలుతురులో, అదే చోట ఖాళీ తెల్ల కాగితం ఫోటో ఇంకొకటి తీయాలి. దాన్ని పై లేయర్‌గా పెట్టి డివైడ్ నొక్కాలి. రెండింటిలోనూ ఒకే నీడ ఉంది కాబట్టి కొట్టివేత అయిపోయి సిరా మాత్రం మిగులుతుంది. టెలిస్కోపు ఫోటోల్లో అంచుల నలుపును ఖగోళ శాస్త్రజ్ఞులు ఇలాగే తీసేస్తారు. ఇన్లాండ్ లెటర్‌తో ఇంకో చిక్కు వచ్చింది. దాని కాగితమే లేత నీలం, ఒకటి కాదు. మల్టిప్లై చేయగానే నాన్న పెళ్ళి ఫోటో మొత్తం నీలి మందు పెట్టిన పంచెలా తయారైంది. అక్కడ ముందు లెవెల్స్ అనే వెలుగునీడలు సరిచేసే మెనూలో, ఏది తెలుపో చెప్పే పరికరంతో కాగితం మీద నొక్కి, ఆ నీలాన్నే తెలుపుగా ఒప్పించాలి.

చీటీ మూల ఒక మరక మాత్రం దేనికీ లొంగలేదు. నూనె మరక. మామూలు కాగితం తెల్లగా ఉండేది దాని పీచుల మధ్య గాలి ఉండి వెలుతురును చెదరగొట్టడం వల్ల. నూనె దిగితే ఆ గాలి పోతుంది. పీచూ నూనే వెలుతురును దాదాపు ఒకేలా వంచుతాయి కనక చెదిరేది తగ్గి, వెలుతురు కాగితం దాటి కిందకు పోతుంది. అందుకే నల్ల బల్ల మీద మరక ముదురుగా, కిటికీకి పట్టుకుంటే లేతగా కనిపిస్తుంది. ముదురంటే ఒకటి కన్నా తక్కువ, కాబట్టి మల్టిప్లై దాన్ని భద్రంగా ఉంచింది. తీసేస్తానంది మేనకోడలు. ఉండనీ అన్నాను.

ఇక స్క్రీన్ మోడ్. మార్కాపురం పలక గుర్తు చేసుకోండి. నల్ల పలక మీద బలపం రాత. ఆ రాతను ఫోటో మీదకు తేవాలంటే ఈసారి మాయం కావాల్సింది నలుపు. లెక్క అదే, కాకపోతే వెలుతురును కాక చీకటిని గుణించాలి. రెండు లేయర్లనూ ఒకటిలోంచి తీసేసి, మిగిలిన చీకట్లను గుణించి, వచ్చినదాన్ని మళ్ళీ ఒకటిలోంచి తీసేయాలి. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? మన మెట్ట ప్రాంతంలో బోరు వేసే ప్రతి రైతూ మనసులో చేసే లెక్కే. మాట వరసకు ఒక బోరులో నీళ్ళు పడే అవకాశం 0.4 అనుకుందాం. పడకపోయేది 0.6. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల వేస్తే రెండూ ఎండిపోయే అవకాశం 0.6 × 0.6, అంటే 0.36. కనీసం ఒకదాంట్లో నీళ్ళు పడే అవకాశం 0.64. స్క్రీన్ మోడ్‌లో 0.4, 0.4 బూడిదరంగులు కలిస్తే వచ్చేదీ సరిగ్గా 0.64. ఎన్ని బోర్లు వేసినా అవకాశం ఒకటి దాటదు, ఎన్ని లేయర్లు వేసినా తెలుపు తెలుపును దాటదు. పాత స్టూడియోల్లో రెండు నెగటివ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే ప్రింటు తీసేవాళ్ళు. వాళ్ళకు తెలియకుండానే చేసింది దాదాపు ఈ లెక్కే.

ఇక్కడ కొంచెం గట్టి సంగతి ఉంది, ఓపిక లేనివాళ్ళు ఒక పేరా దాటేయండి. ఫైల్‌లో దాచిన అంకె వెలుతురు కొలత కాదు. దాదాపు 2.2వ ఘాతానికి ఎత్తితే గానీ వెలుతురు రాదు. 255లో సగం 128 కదా అని సగం వెలుతురు అనుకుంటాం. నిజానికి అది వందకు 22 వంతులే. సగం వెలుతురు కావాలంటే 188 ఉండాలి. అయితే మల్టిప్లై అంతా తప్పేనా? కాదు, అదే అందం. లబ్ధాన్ని ఘాతానికి ఎత్తినా, ఘాతాలకు ఎత్తి గుణించినా ఒకటే ఫలితం. బాగా నల్లటి చోట్ల చిన్న తేడా వదిలేస్తే గుణకారం ఈ మెలికను దాటి బయటపడుతుంది. సగటు బయటపడదు. ఒపాసిటీ 50 పెట్టి పై లేయర్‌ను సగం పారదర్శకం చేసినా, బ్లర్ చేసినా, బొమ్మ చిన్నది చేసినా జరిగేది సగటే. సన్నటి నలుపు తెలుపు గళ్ళ లుంగీ ఫోటోను సాఫ్ట్‌వేర్‌లో బాగా చిన్నది చేస్తే 128 వస్తుంది. అదే లుంగీ దండెం మీద ఉంటే వీధి చివరి నుంచి చూసేవాడి కంటికి రావలసింది 188. తాత కట్టుకున్న లుంగీ చిన్న ఫోటోలో ఒక ఛాయ నల్లబడేది అందుకే, మాసిపోయి కాదు.

నీడల గురించి ఒక్క మాట. పేజీలో ఒక ఫోటో నీడ కుడికి, ఇంకోదాని నీడ ఎడమకు పడితే చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది. వెలుతురు పై నుంచే వస్తుందని మెదడు గుడ్డిగా నమ్ముతుంది. నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో దీన్ని చక్కగా చూపించారు. షేడింగ్ వేసిన గుండ్రాల బొమ్మను తలకిందులు చేస్తే బుడిపెలు గుంటలవుతాయి, గుంటలు బుడిపెలవుతాయి. మా మేనకోడలు ఎండిన మల్లెపువ్వును 180 డిగ్రీలు తిప్పింది. నీడ కూడా దాంతోపాటు తిరిగి, పువ్వు కాస్తా కాగితంలో పడిన గుంటలా అయింది.

అన్నిటికన్నా పెద్ద రభస దిష్టి చుక్క దగ్గర. ఆమె బిడ్డను ముత్తాత ఒళ్ళో పెట్టుకున్న ఫోటో ఉంది. మచ్చలు తీసే బటన్ నొక్కింది, బుగ్గ మీది కాటుక చుక్క పోయింది. ఆ పరికరానికి చుక్కా మొటిమా ఒకటే. చుట్టూ ఉన్న చర్మం అల్లికను తెచ్చి పూడ్చేస్తుంది. మా అక్క చూసి, చుక్క లేకుండా పదిమందికి చూపిస్తావా అని తగులుకుంది. దిష్టి ఫోటోకు తగలదని నేనంటే, "నీ సైన్సు నీ దగ్గర పెట్టుకో" అంది. చుక్క మళ్ళీ పెట్టాం, మల్టిప్లైలో. కంప్యూటర్‌లోకి స్కాన్ చేసిన మొట్టమొదటి ఫోటో కూడా ఒక పసిబిడ్డదే. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫోటోను 176 అడ్డం, 176 నిలువు పిక్సెళ్ళుగా ఎక్కించాడు. ఆ బిడ్డ బుగ్గన చుక్క లేదు.

అమ్మ ఫోటో ఎందుకు పెట్టలేదని మీరు అడగవచ్చు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. ఉన్నది ఒకే ఒక గ్రూప్ ఫోటో, అందులో ముఖం నాలుగు మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 47 పిక్సెళ్ళు. ముఖాన్ని స్పష్టం చేస్తానన్న ఏఐ యాప్‌లో వేస్తే ఎవరో అందమైన ఆవిడ వచ్చింది, ముక్కుపుడక రెండో వైపుకి మారింది. లేని సమాచారాన్ని ఏ లెక్కా పుట్టించలేదు, ఊహిస్తుంది అంతే. తీసేయించాను. పోయినవాళ్ళ ఫోటో బతికున్నవాళ్ళ పక్కన పెట్టకూడదని మా మేనత్త ఎటూ ఒప్పుకోదు. చీటీకి ఆ పట్టింపు లేదు.

ప్రింటుకు ఇస్తే మొదటిసారి పేజీలన్నీ నల్లగా వచ్చాయి. ల్యాబ్ వాళ్ళు మీ ఫైలే అంత అన్నారు. సగం నిజమే. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం గది వెలుతురును గుణించి ఇవ్వాలి. మేనకోడలు తెర వెలుగు పూర్తిగా పెంచుకుని పని చేసింది. తగ్గించుకుని, పేజీలు కొంచెం లేత చేసి మళ్ళీ ఇచ్చాం.

పుస్తకం వచ్చిన రోజు నాన్న హాల్లో ట్యూబ్‌లైటు కింద పేజీలు తిప్పారు. చీటీ ఉన్న పేజీ దగ్గర ఆగి, ఏం కనపడటంలా అంటూ లేచి పంచలోకి వెళ్ళి ఎండకు పట్టుకున్నారు. కాగితం అదే, వెలుతురు కొన్ని వందల రెట్లు. వేలితో అక్షరాలు దాటుకుంటూ మూలకు వెళ్ళారు.

"ఈ మరక నువ్వుల నూనెదిరా. ఆ రోజు కొట్టు నుంచి వచ్చేటప్పుడు సీసా పగలగొట్టింది నువ్వే."