ఫైటర్ పైలట్‌కి కళ్లు బైర్లు కమ్మేది ఎందుకు?

గంటకి 900 కిలోమీటర్ల వేగమంటే విజయనగరం కోట మీద నుంచి తిన్నగా ఎగిరితే నాలుగు నిమిషాల్లో శ్రీకాకుళం వచ్చేస్తుంది. ఆ వేగంలో ఉండగా శత్రువిమానం వెంటపడితే పైలట్ ముందు చేసేది గట్టిగా మలుపు తిప్పడం. కిలోమీటరు వ్యాసార్థంలో తిరిగాడంటే ఒంటి మీద మామూలుకి ఆరు రెట్ల భారం పడుతుంది, దాన్నే 6 జీ అంటారు. హెల్మెట్‌తో కలిపి ఆరేడు కిలోలుండే తల నలభై కిలోలవుతుంది, మరి ఆ తలనే వెనక్కి తిప్పి శత్రువు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

అసలు చిక్కు రక్తంతో. గుండెకీ కళ్లకీ మధ్య ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. అంత ఎత్తుకి రక్తం ఎక్కడానికే 120 బీపీలో దాదాపు 23 ఖర్చయిపోతుంది. 5 జీలో రక్తమూ ఐదు రెట్లు బరువెక్కుతుంది కాబట్టి ఆ 23 కాస్తా 115 అవుతుంది, ఇంక మిగిలేది ఐదు! మోటారు బలం చాలక మేడ మీద ట్యాంకుకి నీళ్లెక్కనట్టే.

ముందు దెబ్బ తినేది కన్ను. కనుగుడ్డు లోపల సొంతంగా 15 దాకా ఒత్తిడి ఉంటుంది, దాన్ని తోసుకుని వెళ్లలేకపోతే రెటీనాకి రక్తం అందదు. మొదట రంగులు వెలిసిపోతాయి, తర్వాత చుట్టూ చీకటి మూసుకొచ్చి మధ్యలో చిన్న గుండ్రం మిగులుతుంది, చివరికి అదీ పోతుంది. అప్పటికింకా స్పృహ ఉంటుంది, రేడియోలో మాటలు వినిపిస్తూనే ఉంటాయి, విమానాన్ని తిప్పే స్టిక్ చేతిలోనే ఉంటుంది. పట్టు కొంచెం సడలిస్తే చూపు తిరిగొస్తుంది, కానీ సడలిస్తే మలుపు వెడల్పై వెనకవాడికి గురి దొరుకుతుంది. ఈ మొత్తంలో నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. ఇంకా లాగితే స్పృహే పోతుంది, పది పన్నెండు సెకన్లు, తేరుకున్నాక ఇంకాసేపు అయోమయం. ఈలోగా విమానం మూడు కిలోమీటర్లు పోతుంది, నడిపేవాడు లేకుండా.

దీనికోసమే కాళ్లనీ పొట్టనీ గాలి సంచులతో నొక్కి పట్టే జీ సూట్ వచ్చింది. కెనడాకి చెందిన విల్బర్ ఫ్రాంక్స్ తయారుచేసిన మొదటి సూట్‌లో గాలికి బదులు నీళ్లుండేవి, 1942లో యుద్ధంలో వాడారు. అయితే సూట్ ఆదుకునేది ఒకటి, ఒకటిన్నర జీ వరకే. మిగతాదంతా కండబలం. తొడలు, పిక్కలు, పొట్ట బిగించి, నిండా పీల్చిన ఊపిరిని గొంతు మూసి ఆపి, మూడు సెకన్లకోసారి ఠక్కున వదిలి మళ్లీ పీల్చాలి. వీరఘట్టంలో పుట్టిన మన కోడి రామమూర్తి గారు ఊపిరి బిగబట్టి ఛాతీకి చుట్టిన గొలుసులు తెంపేవారని చెప్పుకుంటాం కదా, ఛాతీలో ఒత్తిడి పెంచే కిటుకు ఇక్కడా అదే. ఆ ఒత్తిడే రక్తాన్ని తలకి ఎక్కిస్తుంది.

1971 డిసెంబర్ 14న శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ మీద పాకిస్తాన్ సేబర్ జెట్లు ఆరు దాడి చేస్తుంటే, బాంబులు పడుతుండగానే చిన్న నాట్ విమానంలో పైకి లేచి వాటితో తలపడ్డాడు ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్. తిరిగి రాలేదు. మన వాయుసేనలో పరమవీర చక్ర దక్కింది ఆయనకొక్కడికే. ఆయన ధైర్యం గురించి ఎంత చెప్పినా తక్కువే, కానీ తక్కువ ఎత్తులో కొట్టిన ఒక్కో మలుపుకీ ఆయన ఒళ్లు ఎంత భారం మోసిందో కూడా మనం తెలుసుకోవాలి.

ఇప్పుడు ఈ ఊపిరి పద్ధతిని బెంగళూరులో గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో కూర్చోబెట్టి నేర్పిస్తారు. కోరుకొండ సైనిక్ స్కూల్లో పైలట్ అవ్వాలని కలలుగనే పిల్లలు పరుగుతో ఆపేయకుండా బస్కీలు కూడా బాగా తియ్యాలి, ఎందుకంటే 6 జీలో చూపుని కాపాడేది తొడల్లో ఉన్న బలమే.