మందును బయటికి తోడేసే పంపులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: యాంటీబయాటిక్ పనిచేయలేదంటే బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టేసినట్టే.

వాస్తవం: బీటా-లాక్టమేజ్ లాంటి ఎంజైములు ఆ పని చేస్తాయి. బ్యాక్టీరియా పొరల్లో ఉండే ఎఫ్లక్స్ పంపు మాత్రం మందును ఏమీ చేయదు, లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. 1980లో స్టువర్ట్ లెవీ, లారా మెక్‌మర్రీ బృందం ఈ.కొలైలో టెట్రాసైక్లిన్ ఇలాగే బయటికి పోతోందని చూపించింది. ఈ.కొలైలో ముఖ్యమైన పంపు ఆక్ర్‌ఏబీ-టోల్‌సీ. లోపలి పొరలో ఆక్ర్‌బీ మందును పట్టుకుంటుంది, బయటి పొరలో టోల్‌సీ గొట్టంలా ఉంటుంది, రెంటినీ కలిపేది ఆక్ర్‌ఏ. పొర మీదుగా లోపలికి జారే ప్రోటాన్లే దీనికి కరెంటు.

అపోహ: మనం యాంటీబయాటిక్స్ వాడబట్టే ఈ పంపులు పుట్టాయి.

వాస్తవం: ఇవి అంతకుముందు నుంచే ఉన్నాయి. పేగులో బతికే ఈ.కొలైకి పిత్త లవణాలే విషం, ఈ పంపు తీసేస్తే వాటికే తట్టుకోలేదు. రకరకాల అణువులను తోయడానికి అలవాటు పడ్డ పంపు కాబట్టే టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్, సిప్రోఫ్లాక్సాసిన్ అన్నీ దానికి ఒకటే. మన వాడకం చేసే చెడు వేరే. పంపును అదుపులో ఉంచే మార్‌ఆర్, ఆక్ర్‌ఆర్ లాంటి జన్యువులు పాడైన బ్యాక్టీరియాను ఏరి మిగులుస్తుంది. బ్రేకు పోయిన పంపు ఆగకుండా తోడుతుంది.

అపోహ: పంపు వల్ల ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మందు మోతాదు) రెండింతలో, నాలుగింతలో పెరుగుతుంది, అంతే కదా.

వాస్తవం: ఆ కొంచెమే ప్రమాదం. లోపల మందు పలచబడితే చావాల్సిన కణం బతుకుతుంది, బతికినదానికి జైర్‌ఏ (సిప్రో దెబ్బకొట్టే ఎంజైము జన్యువు) మ్యుటేషన్ తోడయ్యే వ్యవధి దొరుకుతుంది. రెండూ కలిస్తే సిప్రో పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఒక్కోసారి పంపు ఒక్కటే చాలు. టైఫాయిడ్ బ్యాక్టీరియాలో ఆక్ర్‌బీ 717వ స్థానంలోని ఆర్జినిన్ మారితే అజిత్రోమైసిన్ పనిచేయదు. బంగ్లాదేశ్‌లో బయటపడ్డ ఈ మార్పు ఉత్తర భారతంలోనూ దొరికింది. మాత్రతో టైఫాయిడ్ తగ్గించడానికి మనకు మిగిలిన కొద్ది మందుల్లో అజిత్రోమైసిన్ ఒకటి, అందుకే ఇది గుబులు పుట్టించే విషయం. ల్యాబ్‌లో 15 మైక్రోగ్రాముల అజిత్రోమైసిన్ డిస్క్ చుట్టూ జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) 13 మిల్లీమీటర్లు, అంతకు మించితే ససెప్టిబుల్ (మందుకు లొంగేది), 12 లేదా తక్కువైతే రెసిస్టెంట్ (లొంగనిది). జోన్ అంచు తరచూ మసకగా ఉంటుంది. సందేహం ఉంటే ఎంఐసీ చేయండి, 32 మైక్రోగ్రాములు/మి.లీ. లేదా ఎక్కువైతే రెసిస్టెంటే.

అపోహ: పీఏబీఎన్ (ల్యాబ్‌లో పంపును అడ్డుకోవడానికి వాడే రసాయనం) కలిపాక ఎంఐసీ తగ్గితే పంపు ఉన్నట్టు రుజువైంది.

వాస్తవం: థీసిస్‌లలో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. పీఏబీఎన్ పంపును అడ్డుకోవడమే కాదు, గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా (ఈ.కొలై లాంటివి) బయటి పొరను కూడా వదులు చేస్తుంది. అప్పుడు మందు ఎక్కువగా లోపలికి వస్తుంది, మనమేమో పంపు ఆగిందనుకుంటాం. 25 మైక్రోగ్రాములు/మి.లీ. పీఏబీఎన్‌తో చేస్తే, 1 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్ కలిపిన వరుస కూడా పెట్టండి, మెగ్నీషియం ఆ పొరను నిలబెడుతుంది. పక్కనే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ వరుస ఒకటి ఉండాలి. అది పెద్ద అణువు, మామూలుగా బయటి పొర దాటలేదు. దాని ఎంఐసీ కూడా పడిపోయిందంటే పొర చెడినట్టే. పీఏబీఎన్ ఒక్కటే ఉన్న గుంటలో బ్యాక్టీరియా బాగా పెరగాలి. తగ్గుదల నాలుగింతలైనా లేకపోతే లెక్కలోకి తీసుకోకండి, ఒక్క డైల్యూషన్ (రెండింతల) తేడా రోజూ వచ్చేదే.

ఖర్చు లేకుండా పంపు బలం చూడాలంటే ఎథిడియం బ్రోమైడ్ (కణం లోపల చేరితే యూవీ కింద మెరిసే రంగు) కలిపిన అగార్ ఉంది. 0 నుంచి 2.5 మైక్రోగ్రాములు/మి.లీ. దాకా 0.5 చొప్పున పెంచుతూ ప్లేట్లు పోసి, బండి చక్రం ఆకుల్లా స్ట్రెయిన్లను మధ్య నుంచి అంచుకు గీయండి. ఫాయిల్ చుట్టి, రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచి, యూవీ కింద చూడండి. పంపు బలహీనమైనది తక్కువ గాఢతలోనే నారింజ రంగులో మెరుస్తుంది, బలమైనది నల్లగా ఉండిపోతుంది. అదే ప్లేటును 4 డిగ్రీల్లో ఒక రోజు ఉంచితే శక్తి అందక పంపు మందగిస్తుంది, నల్లగా ఉన్న గీత కూడా వెలుగుతుంది. ఎథిడియం డీఎన్ఏను దెబ్బతీస్తుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, మామూలు చెత్తలో వేయొద్దు.

అపోహ: మిరియాల్లోని పైపరిన్ పంపును ఆపుతుందట, యాంటీబయాటిక్‌తో పాటు తీసుకుంటే సరి.

వాస్తవం: సగం నిజం. స్టాఫిలోకాకస్ ఆరియస్‌లోని నార్‌ఏ పంపును పైపరిన్ అడ్డుకుని సిప్రోకు బలమిస్తుందని 2006లో జమ్మూ శాస్త్రవేత్తలు ప్రచురించారు. కానీ అది పరీక్షనాళికలో. చారులో వేసిన మిరియాలతో రక్తంలో అంత మోతాదు చేరదు. సర్పగంధి నుంచి వచ్చే రిసర్పిన్‌దీ అదే చిక్కు, నార్‌ఏను ఆపేంత మోతాదు మనిషి నరాలకు విషం. పీఏబీఎన్ మూత్రపిండాలకు హాని చేయడంతో మందుగా ముందుకు సాగలేదు. యాంటీబయాటిక్‌తో కలిపి వాడడానికి అనుమతి పొందిన పంపు నిరోధకం ఇప్పటికి ఒక్కటీ లేదు. పైగా పైపరిన్ మన కాలేయంలోని మందులను కరిగించే ఎంజైములను కూడా అడ్డుకుంటుంది. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారు పైపరిన్ క్యాప్సూళ్లు మింగితే రక్తంలో ఫెనిటాయిన్ పెరగవచ్చు. అలాంటివి వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.