నల్లని ఆకుల మొక్కలు, నీడ తోటలు: అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒక అపార్టుమెంటు తోట చూడటానికి వెళ్లాను. ప్రహరీగోడకూ భవనానికీ మధ్య ఆరడుగుల సందు, పైన వరుసగా బాల్కనీలు. ఆ సందులో ఊదా ఆకుల పర్పుల్ హార్ట్ మొక్కలను బారుగా, వాటి వెనుక నల్లని ఆకుల బ్లాక్ మ్యాజిక్ చేమను నాటించారు. నాలుగు నెలలు గడిచేసరికి పర్పుల్ హార్ట్ పేలవమైన ఆకుపచ్చకు తిరిగి, కణుపుకూ కణుపుకూ మధ్య బెత్తెడు సాగి, నేలమీద వాలిపోయింది. "నర్సరీవాళ్లు రంగేసి అమ్మారేమోనండీ" అని సంఘం కార్యదర్శి గారు బాధపడ్డారు. ఇరవై ఏళ్లుగా తోటల పనిలో ఉన్న నాకు ఈ మాట కొత్త కాదు. సొంత డబ్బు పోసి, పొరుగువారికి మాట ఇచ్చి తోట వేయించిన మనిషి దిగులు నాకు అర్థమవుతుంది. అయితే అక్కడ మోసం ఏమీ జరగలేదు.

అపోహ: ఆకు నల్లగా ఉంటే అది నీడ మొక్కే.

వాస్తవం: ఆకు నల్లగా కనిపించడానికి కారణం పత్రహరితం మీద పరుచుకున్న ఆంథోసయనిన్ అనే ఊదారంగు పదార్థం. చాలా మొక్కలు దానిని ఎండ తీవ్రతకు అడ్డుగా, వెలుతురు తగిలినకొద్దీ తయారు చేసుకుంటాయి. వెలుతురు తగ్గితే తయారీ తగ్గి, అడుగున ఉన్న ఆకుపచ్చ బయటపడుతుంది. పైగా ఆ రంగుపొర కొంత వెలుతురును తానే తాగేస్తుంది కనుక, ఊదా ఆకు మొక్కకు అదే జాతిలోని పచ్చాకు మొక్క కంటే కాస్త ఎక్కువ వెలుతురే కావాలి. కార్యదర్శి గారి వంటింట్లోనే దీనిని చూపించాను. ఎండలో ఉన్న కుండీ నుంచి పర్పుల్ హార్ట్ ఆకు ఒకటి తెంపి, మరుగుతున్న నీళ్లలో వేశాము. కాసేపటికి నీళ్లకు ఊదారంగు దిగింది, ఆకు పాలకూర రంగుకు వచ్చింది. "ఎర్ర తోటకూర ఉడికినప్పుడూ ఇంతేగా" అన్నారు వారి శ్రీమతి. తోటకూరలోని రంగు పదార్థం వేరు గానీ, జరిగేది మాత్రం అదే.

"మరి నర్సరీలో నీడలోనే ఉంచారు కదా?" అన్నది తరువాతి ప్రశ్న, అందరికంటే ఎక్కువ నష్టపరిచే పొరపాటు కూడా అక్కడే ఉంది. కడియం నర్సరీల్లో మొక్కల మీద కట్టేది సాధారణంగా సగం ఎండను ఆపే వల. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్సులు (లక్సు అంటే వెలుతురు కొలత) ఉంటే, ఆ వల కింద ఇంకా యాభై వేలు ఉంటాయి. బాల్కనీల కింద సందులోనో, హాలు మూలలోనో ఉండేది కొన్ని వందలు, మహా అయితే ఒకటి రెండు వేలు. మన కన్ను చీకటికి అలవాటు పడిపోతుంది కనుక ఈ తేడా మనకు తెలియదు. మొక్కకు మాత్రం అది ఆకలి. మొక్క పాలిపోయిందని యూరియా చల్లితే ఆకు ఇంకా పచ్చబడుతుంది, కాడ ఇంకా సాగుతుంది. నీళ్లు పెంచితే, నీడలో మట్టి ఆరదు కనుక వేరు కుళ్లుతుంది. ఒక్క అపోహ వల్ల మొక్క ఖరీదు, ఎరువు ఖరీదు, చివరికి మొక్కా పోతాయి.

కొనడానికి ముందు, మిట్టమధ్యాహ్నం ఆ చోట తెల్లకాగితం పరచి, దానికి అడుగు ఎత్తున అరచెయ్యి పట్టండి. చేతి నీడ అంచులు స్పష్టంగా ఉంటే పర్పుల్ హార్ట్, ఊదా కోలియస్, బ్లాక్ మ్యాజిక్ చేమ రంగు నిలుపుకుంటాయి. చేమకు మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. నీడ మసకగా పడితే బర్గండీ రబ్బరు మొక్క, ఆకు అడుగున ఊదాగా ఉండే రియో పెట్టవచ్చు. చేతి నీడే పడకపోతే అక్కడ మొక్క వద్దు, రాయి పరిచి వదిలేయండి. వేప కింద పడే జల్లెడ వెలుతురు మామిడి గుబురు కింది చీకటి కంటే ఎంతో మేలు.

అపోహ: ఇంటి ఉత్తరపు గోడ పక్కన ఏడాదంతా నీడే.

వాస్తవం: హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, అంటే ఎండ ఆ గోడ వైపే పడుతుంది. శీతకాలంలో నీడ చూసి నాటిన మొక్కల ఆకులు మే నెలలో మాడేది అందుకే.

అపోహ: ఊదా ఆకుల హ్యూకెరా మొక్క విత్తనాలు తెప్పిస్తే ఇక్కడా పెరుగుతుంది.

వాస్తవం: అది ఉత్తర అమెరికా మొక్క, చలి ఉన్నచోట బాగుంటుంది. అక్కడి బంధువులు పంపిన ఫోటో చూసి మన ఎండలకు దానిని బలిచేయవద్దు.

అపోహ: నల్ల జెడ్‌జెడ్ మొక్క ఇంట్లో ఉంటే క్యాన్సర్ వస్తుంది, అరిష్టం కూడా.

వాస్తవం: రెండూ పుకార్లే, వీటిని పంచేవారి మీద నాకు ఓపిక లేదు. చేమలో ఉన్నట్టే దీనిలోనూ కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు మండుతుంది. పాకే బిడ్డ ఉన్న తల్లి భయపడటంలో తప్పు లేదు, కుండీని బిడ్డకు అందని ఎత్తులో పెడితే చాలు.

మసక వెలుతురులోనూ నల్లగా మారే అరుదైన మొక్క ఇదే. తూర్పు ఆఫ్రికా ప్రాంతం నుంచి వచ్చింది, దుంపలో నీరు దాచుకుంటుంది. మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు పోయాలి. దీని కొత్త చిగురు లేత ఆకుపచ్చగా పుట్టి, కొన్ని నెలలకు గానీ నల్లబడదు. ఇది తెలియక ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, మొక్క జాతి చెడిపోతోందనుకుని, వచ్చిన చిగురునల్లా మూడుసార్లు కత్తిరించారు. ఏడాదిన్నర పాటు ఆ మొక్క ఒక్క కొమ్మ కూడా పెరగలేదు. ఆయన ఫోను చేసినప్పుడు గొంతులో నేరం చేసినంత బాధ వినిపించింది. దుంప గట్టిగానే ఉంది, మళ్లీ చిగురు వేస్తుందని చెప్పాను. మొన్న ఆషాఢంలో ఆయన ఫోటో పంపారు: నల్లటి కాడల మధ్య జానెడు లేతపచ్చ కొమ్మ. "దీన్ని ఉంచమంటారా?" అని కింద రాశారు. ఉంచండి మాస్టారూ అని వెంటనే జవాబు రాశాను.